కమలాక్షి ఆల్ట్-డి తగాదా

ఆ గురువారం పొద్దున కమలాక్షి తన ప్రోగ్రాములో అక్కరలేని ఒక వరసను తీసేయబోయింది. ఎడమ బొటనవేలితో ఆల్ట్ పట్టుకుని డి నొక్కింది. వరస పోలేదు. దాని కిందే అచ్చం అలాంటిదే ఇంకొకటి వచ్చి కూర్చుంది, ఊరికి పొమ్మంటే తమ్ముణ్ణి కూడా పిలుచుకొచ్చిన చుట్టంలాగా. మళ్లీ నొక్కింది. ముగ్గురయ్యారు.

ఆ వరస చేసే పని టమోటా క్రేట్లను లెక్కపెట్టడం. అది మూడుసార్లు ఉంటే రైతు దించిన ఒక్కో క్రేటూ మూడవుతుంది. రైతుకు ఇది రామరాజ్యం. కానీ సాఫ్ట్‌వేరు కొనేది రైతు కాదు, మండీ యజమాని. కమలాక్షి ఆ వరసలను మౌస్‌తో పట్టుకుని చెరిపి, కీబోర్డును బల్ల మీద నుంచి ఎత్తి, తిరిగి బల్ల మీదే పెట్టింది. పెట్టిన చప్పుడుకు కింద టీ అంగడిలో ఒకాయన తల పైకెత్తి చూశాడు.

అది మదనపల్లెలో టమోటా మండీలకు సాఫ్ట్‌వేరు రాసే కంపెనీ. యజమాని వరదరాజులు. మదనపల్లెలో హెడ్డాఫీసు, పుంగనూరులో ఒక గది, కుప్పంలో ఇంకొక గది. మూడు చోట్ల సిబ్బందినీ కలిపి ఒక షేర్ ఆటోలో ఎక్కించవచ్చు. కొంచెం సర్దుకుంటే యజమానికీ చోటు దొరుకుతుంది. అయినా వరదరాజులు వాటిని మూడు బ్రాంచీలనీ, సిబ్బందిని ఉమ్మడి కుటుంబమనీ పిలిచేవాడు. జీతం పెంచమని ఎవరైనా అడిగినప్పుడు ఈ రెండో మాట మరీ ఎక్కువగా వినిపించేది.

కమలాక్షి కోపానికి చరిత్ర ఉంది. ఆమె పుట్టింది బైరెడ్డిపల్లె దగ్గర ఒక పల్లెలో. తండ్రి గురప్ప ఇతరుల పొలాలకు నీళ్లు కట్టే కూలీ. ఆమె చిన్నప్పుడు ఒక ఆసామి పశువుల కొట్టంలో గడ్డి కత్తిరించే మిషను ఆమె ఎడమ చిటికెన వేలిని పట్టుకుంది. వేలు ఊడలేదు, వంగడం మానేసింది. ఆసామి పరుగున వచ్చి, మిషనుకు ఏమైనా అయిందేమోనని చూశాడు. కమలాక్షి కోపానికి ఎవరైనా జాతకం రాయదలిస్తే జన్మసమయం అదే వేయాలి.

తర్వాత ఆమె పలమనేరులో డిగ్రీ చదివింది, మదనపల్లెలో ఈ కంపెనీలో ఫోన్లు ఎత్తే పనికి చేరింది. "అమ్మా, స్లిప్పు సగమే వస్తాండాది", "అమ్మా, నిన్నటి రేటే సూపిస్తాండాది" అని మండీ గుమస్తాలు తిడుతుంటే వింటూ కూర్చునే ఉద్యోగం. వేరేవాళ్లు చేసిన తప్పుకు తాను తిట్లు తినడమేమిటని, తప్పులు ఎక్కడ పుడుతున్నాయో వెతకడం మొదలుపెట్టింది. వెతికి, దిద్దడం నేర్చింది. దిద్ది, ప్రోగ్రాము రాసే కుర్చీ తనకే కావాలని వరదరాజులుతో ఒక వేసవంతా పోట్లాడింది. ఆయన ఎండను తట్టుకున్నాడు గానీ ఆమెను తట్టుకోలేకపోయాడు. భర్త మహేష్ పాల వ్యాను తోలుతాడు, నెమ్మదస్తుడు. ఇంట్లో కోపం అనే శాఖను పూర్తిగా భార్యకు అప్పగించి తాను మిగతా శాఖలు చూసుకుంటాడు.

కుర్చీ వచ్చాక కీబోర్డుతో తగవు వచ్చింది. ప్రోగ్రాము రాసే ఎడిటరులో సేవ్ చేయాలన్నా, వెతకాలన్నా, వరస చెరపాలన్నా కంట్రోల్ కీ పట్టుకుని ఇంకొకటి నొక్కాలి. ఆ కంట్రోల్ కీ ఎడమ మూలన, చిటికెన వేలు వంచితే తప్ప అందని చోట ఉంటుంది. కీబోర్డు కనిపెట్టిన మహానుభావులు భూమ్మీద ప్రతి మనిషికీ పది వేళ్లూ వంగుతాయని నమ్మిన ఆశావాదులు. కమలాక్షి ఎడిటరు సెట్టింగుల్లోకి వెళ్లి, తనకు కావలసిన పనులన్నిటినీ కంట్రోల్ నుంచి ఊడబెరికి ఆల్ట్ మీదికి తెచ్చుకుంది. ఆల్ట్ బొటనవేలికి అందుతుంది. బొటనవేలు ఇంకా ఆమె మాట వింటోంది. పల్లెలో ఎవరి కొడవలి వాళ్లదే, పిడి ఆ చేతికే అరిగి ఉంటుంది. అలా ఆమె చేతికి అరిగిన పిడి అది.

కొన్ని వారాలుగా ఆ పిడిని ఎవరో మారుస్తున్నారు. సాయంత్రం సరిచేసి ఇంటికి పోతే పొద్దునకు ఆల్ట్-డి ఒక రోజు వరసను రెండు చేసేది, ఇంకొక రోజు వరస మధ్యలో ఆ రోజు తేదీని అచ్చు వేసేది. చెరపమంటే తేదీ వేసే కీ ఎవరికి కావాలి? దిద్దిన తప్పుల కంటే కొత్త తప్పులు ఎక్కువయ్యాయి. మండీల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. ఆ గురువారం కీబోర్డు చప్పుడు విని వరదరాజులు అద్దాల గదిలో నుంచి బయటికి వచ్చాడు. చేతిలో ఒక ప్లాస్టిక్ బుట్ట, అందులో ఒక మొబైలు, దాని చార్జరు. మండీల ఫిర్యాదుల ఫోను అది.

"కమలాక్షమ్మా, నీ పని నెమ్మదై పోతాండాది. నేను అనలేదు, మండీలోళ్లు అంటాండారు."

"కీలు మారిపోతాండాయి సార్. నేను ఒకటి పెడితే పొద్దునకి ఇంకోటి అయితాండాది."

"ఆఫ్ చేసి ఆన్ చేసినావా?"

వరదరాజులుకు కంప్యూటరు శాస్త్రంలో తెలిసిన మంత్రం ఇదొక్కటే. కానీ ఏ మంత్రమైనా నమ్మకంతో పలకాలంటారు. ఆయన పలికేవాడు.

"చేసినాను. కీబోర్డు మార్చినాను. ఎడిటరుకి తరవాత చేర్చుకున్న హంగులన్నీ తీసేసినాను."

"సరే పో. ఒకటో తేదీ నుంచి నువ్వు మళ్లీ ఫోను సూసుకో. నీ కుర్చీలోకి ఇంకెవుర్నన్నా పెడతాను. ఫోన్లో నీ గొంతు బాగుంటాది."

"నా గొంతు బాగుండాదని ఇంతవరకు ఎవురూ అనలే సార్."

"అలవాటు కోసరం ఈ పొద్దే పెట్టుకో," అని ఆయన బుట్టను ఆమె బల్ల మీద పెట్టి వెళ్లాడు.

కమలాక్షి ఆ బుట్టను బల్ల అంచుకు నెట్టింది. ఆ కుర్చీ పోతే మళ్లీ రాదు. ఎవరో తన చేతి కిందనుంచి కీలు లాగేస్తుంటే, నెమ్మదిగా పనిచేస్తోందని పేరు తనకు.

ఎడిటరులో కీలను కాపలా కాసే ఏర్పాటు ఒకటి ఉంది. అది తెరిచి పెట్టుకుంటే, ఏ కీ నొక్కారు, దానికి ఏ పని జరిగింది, ఆ పని పెట్టింది ఎవరు అని పోలీసు రికార్డులాగా రాసి చూపిస్తుంది. కమలాక్షి అది తెరిచి ఆల్ట్-డి నొక్కింది. కీ సరిగానే వచ్చిందని రికార్డు ఒప్పుకుంది. జరిగిన పని: వరసకు నకలు తీయడం. పెట్టింది ఎవరు? యూజర్.

"యూజర్ అంటే నేనే. నేనే చేసినానంట," అంది కమలాక్షి. గదిలో ఎవరూ లేరు, ఫోను బుట్ట తప్ప.

వరసలకు నకళ్లు తీసే అలవాటు కంపెనీలో ఒక్కడికే ఉంది. పుంగనూరులో లోకేష్. ఇంతకుముందు డీటీపీ చేసేవాడు. ఒక పెళ్లిపత్రికను నకలు తీసి, పేర్లు మార్చి, పదిమందికి పెళ్లిళ్లు చేసినవాడు. వీడే దూరం నుంచి తన మిషన్లో దూరుతున్నాడని కమలాక్షికి ఖాయమైపోయింది. ఫోన్ చేసింది. "నువ్వే నా పనంతా పాడు చేస్తా, నాకే ఫోన్ చేస్తాండావా అక్కా?" అని అతను ఫోను పెట్టేశాడు.

ఫోన్లో పోట్లాడితే ఇదే చిక్కు. ఎదురుగా పోట్లాడితే అవతలివాడికి పెట్టేయడానికి ఏమీ ఉండదు. కమలాక్షి ఆల్ట్-డిని మళ్లీ చెరిపే పనికి తిప్పి, బ్యాగు తగిలించుకుని పుంగనూరు బస్సెక్కింది. కిటికీ పక్కన చోటు దొరికినా కిటికీలోంచి చూడలేదు. తిట్లను వరసగా పేర్చుకుంటూ కూర్చుంది. ఆ వరసల్లో ఒక్కటి కూడా చెరపవలసిన అవసరం కనిపించలేదు.

పుంగనూరు ఆఫీసు బస్టాండు దగ్గర జిరాక్స్ అంగడి పైన ఉంది. లోకేష్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. గౌరవంతో కాదు.

"మంచిదైంది అక్కా నువ్వే వచ్చినావు. లేకుంటే నేనే వస్తాంటి."

"యాల రా నా మిషన్లో దూరతాండావు?"

"నేనా? నా వరసలు మింగతాండేది ఎవురు? ఈడ సూడు."

ఆల్ట్-డి నొక్కాడు. నకలు రావలసిన వరస మాయమైంది.

"ఇది నీ ఆల్ట్-డి కాదా? చెరిపేసే కీ కంపెనీలో ఎవురికుండాది? స్లిప్పు మీద రైతు పేరొచ్చే వరస ఇట్లే పోయింది. నేను సూసుకోలే. పేర్లు లేని రైతులు మండీ అంతా తిరగతాండారంట. సార్ నన్ను కూర్చోబెట్టి తిట్టినాడు, ఆయన తిడతాంటే మధ్యలో టీ కూడా వచ్చింది."

"తాగినావా?"

"ఆయనకొచ్చింది అక్కా."

కమలాక్షి పేర్చుకొచ్చిన తిట్లలో సగం ఇక్కడ పనికిరాకుండా పోయాయి. అందుకు ఆమెకు ఇంకా కోపం వచ్చింది. ఇక్కడ నుంచే పొద్దున తన మిషన్లో నకలు వచ్చింది, తన మిషను నుంచే ఇక్కడ చెరుపు వచ్చింది. మరి తేదీ?

"ఒకోసారి తేదీ పడతాండాదా నీకు?"

"పడతాండాది. ముందర అదీ నువ్వే అనుకున్నా. నువ్వు తేదీలు పెట్టుకునే మనిషివి కాదు కదా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తేదీ వేయనిదే తుమ్మని మనిషి కంపెనీలో ఒకడున్నాడు: కుప్పంలో గంగాధర్. పూర్వం శాంతిపురం వైపు గ్రానైటు పాలిష్ యూనిట్లో లెక్కలు రాసేవాడు. తేదీ లేని కాగితం చెల్లదని ఆయన సిద్ధాంతం.

"నేను పోతాండా," అంది కమలాక్షి. "నువ్వు ఫోను దగ్గర పెట్టుకో. ఈసారి కట్ చేసినావంటే సూడు."

పలమనేరులో బస్సు మారి, వెంకటగిరికోట మీదుగా కుప్పంలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. అన్నం తినలేదు. కోపం ఉన్న మనిషికి ఆకలి తెలియదంటారు గానీ కమలాక్షికి రెండూ తెలుస్తున్నాయి. గంగాధర్ ఆమెను చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చాడు.

"తాగమ్మా. తాగినాక తిడతాను."

"నువ్వు నన్ను తిట్టేదేంది అన్నా? నేను నిన్ను తిట్టేకి ఇంత దూరం వచ్చినాను."

"బస్సు చార్జీ నీది కాబట్టి ముందు నువ్వే తిట్టు."

ఆమె తిట్టింది. గంగాధర్ వంచిన తల ఎత్తకుండా, వానలో నిలబడిన ఎద్దులాగా విని, చివర్లో తన వంతు అందుకున్నాడు. ఆల్ట్-డి నొక్కితే తేదీ పడడం మానేసి వరసలు పోతున్నాయి, లేకపోతే రెండవుతున్నాయి. నకలు లోకేష్‌దని, చెరుపు కమలాక్షిదని ఆయనకు ఎప్పుడో తెలుసు. అడగడానికి పెద్దరికం అడ్డొచ్చింది.

"పొద్దున్నే ఎడిటరు తెరిస్తే తెర మీద ఒక పెట్టె వచ్చి అడగతాండాది గదమ్మా. వేరే చోట మార్పులుండాయి, నీది ఉంచాల్నా, వాళ్లది తీసుకోవాల్నా అని. నాదే ఉంచు అంటాను. నాది విడిచిపెట్టి ఎవురిదో యాల పెట్టుకుంటా?"

కమలాక్షి గ్లాసు కింద పెట్టింది. ఆ పెట్టె ఆమెకూ వస్తోంది. ఆమె కూడా చదవకుండా, ఆ సమయంలో ఉండే కోపంతో, నాదే ఉంచు అని నొక్కుతూనే ఉంది. లోకేష్‌కు ఫోన్ చేస్తే అతనూ అదే చెప్పాడు. అడిగే ప్రశ్నేనా అక్కా అది, అన్నాడు.

ఆమెకు తండ్రి గురప్ప నీళ్లు కట్టిన బోరు గుర్తొచ్చింది. ముగ్గురు అన్నదమ్ముల ఉమ్మడి బోరు. రోజుకొకరి వంతు. కానీ ప్రతివాడూ చీకటితో లేచి వాల్వును తన మడి వైపు తిప్పుకుని పోయేవాడు. తెల్లారి ఎవరి మడి ఎండితే వాడు మిగతా ఇద్దరినీ దొంగలనేవాడు. ముగ్గురూ తిప్పుతున్నారని ఊళ్లో ఒక్క గురప్పకే తెలుసు. కూలి మనిషి కాబట్టి నోరు మెదపలేదు. తండ్రి మెదపని నోరంతా కూతురికి వచ్చింది.

"అన్నా, మనకి యాడో ఒకే వాల్వు ఉండాది. కడాకి ఎవురు తిప్పితే వాళ్లదే అందురికీ పోతాండాది," అంది.

ఆమె గంగాధర్ కుర్చీలో కూర్చుంది. ఆల్ట్-డి మీద ఉన్న తేదీని తీసేసి, ఎవరికీ నష్టం లేని ఒక పని పెట్టింది: తెర మీద అక్షరాలను పెద్దవి చేయడం. పెట్టె అడిగితే, నాదే ఉంచు అని నొక్కింది. కాసేపు ఆగి, "లోకేషా, ఇప్పుడు నొక్కు," అని ఫోన్లో చెప్పింది.

అటువైపు కీ నొక్కిన చప్పుడు వినిపించింది.

"అక్కా, నా అక్షరాలు లావైపోతాండాయి."

"ఇంకోసారి నొక్కు."

"ఇంకా లావైనాయి. నువ్వు యాడుండావు?"

"కుప్పంలో. తెర మీద ఎడమపక్క కింద మూలన గుండ్రంగా ఏముండాది నీకు?"

"వి అక్షరం. అది ఎడిటరు బొమ్మ కదా?"

గంగాధర్ మిషన్లోనూ అదే గుండ్రం, అదే వి. మదనపల్లెలో తన మిషన్లోనూ అదే ఉందని కమలాక్షికి తెలుసు. ముగ్గురూ దాన్ని ఇన్నాళ్లూ ఎడిటరు తయారుచేసినవాడు పెట్టిన అలంకారం అనుకున్నారు. ఆమె దాని మీద నొక్కింది. వరదరాజులు పూర్తి పేరు, ఈమెయిలుతో సహా, ప్రత్యక్షమైంది.

అప్పుడు అన్నీ గుర్తొచ్చాయి. కొన్ని వారాల కిందట కంపెనీ వార్షికోత్సవం నాడు వరదరాజులు మూడు బ్రాంచీలకూ అరటిపళ్ల గెలతో వచ్చి, ప్రతి మిషను ముందూ తానే కూర్చుని, పాస్‌వర్డు కనబడకుండా జేబురుమాలు అడ్డం పెట్టుకుని ఏదో కొట్టాడు. తలా ఒక అకౌంటు ఎందుకు, నాదొకటి చాలదా అన్నాడు. సెట్టింగులు అన్ని మిషన్లలో ఒకేలా ఉంచమంటావా అని ఎడిటరు ఆయనను అడిగింది. ఉమ్మడి కుటుంబాన్ని నమ్మిన మనిషిని అడగవలసిన ప్రశ్న కాదది. మూడు చోట్లా అవుననే నొక్కాడు. అందరూ చప్పట్లు కొట్టి అరటిపళ్లు తిన్నారు.

"నేను రెండు తిన్నా," అన్నాడు గంగాధర్, నేరం ఒప్పుకున్నట్టు.

కోపానికి ఇన్నాళ్లకు సరైన చిరునామా దొరికింది. కమలాక్షి అక్కడికక్కడే గంగాధర్‌ను ఆ అకౌంటు నుంచి బయటికి తెచ్చి, ఆయన పేరుతో కొత్తది తెరిచి, ఆయన తేదీ ఆయనకు ఇచ్చింది. లోకేష్‌కు ఫోన్లోనే చెప్పి అదే చేయించింది. మర్నాడు మదనపల్లెలో తన మిషను తెరవగానే తానూ ఆ అకౌంటు నుంచి బయటికి వచ్చింది. ఆల్ట్ మీద పనులన్నీ మళ్లీ పేర్చుకుంది. తర్వాత బల్ల మీద ఉన్న ఫోను బుట్టను తీసుకుని అద్దాల గదిలోకి వెళ్లింది.

వరదరాజులు విన్నాడు. వినేకొద్దీ ఆయన మొహం బాధగా మారింది.

"సపరేటు పొయ్యి పెట్టుకున్నామని సెప్పేకి వచ్చినావా అమ్మా? ఒకే కుండలో తినే కుటుంబం మనది."

"ఒకే కుండలో తినమంటే తింటాం సార్. అందురూ ఒకే చేత్తో తినమంటే ఎట్లా?"

"నన్ను ఒక మాట అడిగింటే?"

"నా పని నెమ్మదైందని మీరు నన్ను ఏమి అడిగినారు? ఆఫ్ చేసి ఆన్ చేసినావా అన్నారు. మీరు నొక్కిన దానికి నా కుర్చీ తీసేస్తాంటిరి. లోకేష్‌గాన్ని కూర్చోబెట్టి తిట్టినారు. గంగాధరన్న పెద్దరికం కోసరం లోపల్లోపలే ఏడిసినాడు. ఎవురి సేతి కింద ఏముండాదో సూడకుండా అవును అని నొక్కేస్తే ఎట్లా సార్? ఆ పొద్దు ఆ ఆసామి అన్నా మిషన్ని సూసినాడు. మీరు అదీ సూడలే."

ఏ ఆసామో వరదరాజులుకు తెలియదు. అయినా ఆ మాట తననే అన్నారని తెలిసింది. ఆయన తల తిప్పి, ఏదో పని ఉన్నట్టు, తన కంప్యూటరులో ఎడిటరు తెరిచాడు. ఆ అకౌంటులో ఇప్పుడు ఆయన ఒక్కడే మిగిలాడు, నిన్న కమలాక్షి కుప్పంలో పెట్టి వదిలేసిన ఆల్ట్-డితో సహా.

"సరే. కీలు బాగైనాయి గదా. కుర్చీలో నువ్వే ఉండు," అన్నాడు చివరికి, తెర నుంచి చూపు తిప్పకుండా. "మరి ఫోను ఎవురు ఎత్తాల?"

"కుటుంబం ఉమ్మడి కదా సార్. ఫోనూ ఉమ్మడిదే. వంతులు పెట్టుకుందాం," అని కమలాక్షి బుట్టను ఆయన బల్ల మీద పెట్టి, చార్జరు ప్లగ్గులో గుచ్చింది. "ఈ పొద్దు మీ వంతు."

ఆమె కుర్చీ చేరేలోపే ఫోను మోగింది. అద్దాల వెనక వరదరాజులు ఫోను ఎత్తడం కనిపించింది. స్లిప్పు సగమే ఎందుకు వస్తోందని అవతల ఎవరో గట్టిగా అడుగుతున్నారు. ఆయన ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇంకో చేత్తో కీబోర్డు మీద ఏవేవో నొక్కుతున్నాడు.

"అమ్మా కమలాక్షీ, నా అక్షరాలు లావైపోతాండాయేమి? నొక్కేకొద్దీ పెద్దవైతాండాయి. తెరంతా ఒక్క మాటే ఉండాది."

"ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్," అంది కమలాక్షి, తల ఎత్తకుండా.

తర్వాత బొటనవేలితో ఆల్ట్ పట్టుకుని డి నొక్కింది. వరస పోయింది. ఇంకొకసారి నొక్కింది. ఇంకొకటి పోయింది. కోపం మాత్రం ఉన్నచోటే ఉంది. ఆ రోజు సాయంత్రం దాకా ఆమె దానితోనే పని చేసింది.